ముద్ద తరవాతే సూది

"ఇంకో గ్లాసు" అంది దొరసాని.

అద్దాలాయన సంబరంగా లేచాడు. పొద్దుటినుంచి కూజా ఇప్పటికే రెండుసార్లు ఖాళీ అయింది. మొన్నంతా గుక్కెడు నీళ్ళు కూడా వద్దని తల తిప్పేసుకున్న మనిషి ఇవాళ అడిగి మరీ తాగుతోందంటే జ్వరం దారికొచ్చినట్టేనని ఆయన లెక్క. అద్దం కొలతల్లో ఆయనకు వెంట్రుకవాసి తేడా రాదు. దొరసాని దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ లెక్కల్లో ఆశ కలిసిపోతుంది.

"తాగు, తాగు. నీళ్ళకి మించిన మందు లేదు" అన్నాడు, ఆవిడ తల కింద చెయ్యి పెట్టి లేపుతూ.

ఆవిడ గటగటా తాగేసింది. మూతి తుడుచుకోకముందే బకెట్టు కోసం సైగ చేసింది. తాగినదంతా బయటికొచ్చేసింది. ఆయన వీపు రాశాడు, మూతి తుడిచాడు, దిండు తిరగేసి చల్లటి వైపు పైకి పెట్టాడు.

"పోనీలే, కాస్తయినా లోపల ఉండే ఉంటుంది."

"మీకన్నీ... ఉండే ఉంటాయి" అంది ఆవిడ, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుంటూ. నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

వీధిలో ఎవరి కిటికీ పగిలినా, ఎవరి బొమ్మకి చట్రం కావాలన్నా ఈ ఇంటికే వస్తారు. ముందుగదిలో దుకాణం, వెనక గదుల్లో కాపురం. అద్దం కొయ్యడం ఆయన పని, ధర చెప్పడం ఆవిడ పని. పెళ్ళైన కొత్తలో గల్లాపెట్టె వెనక కాలు మీద కాలేసుకుని కూర్చుని, బేరమాడేవాళ్ళకి ముచ్చెమటలు పట్టిస్తున్న భార్యని చూసి ఆయన "అమ్మో, దొరసాని!" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆవిడ చెల్లెలు. తల్లి పోయాక, ఇంకా గౌన్లు వేసుకునే వయసులో అక్క చెయ్యి పట్టుకుని ఈ ఇంటికొచ్చింది. ఇప్పుడు బడిపిల్లల వ్యాను నడుపుతోంది.

దొరసానికి చక్కెర జబ్బు. రెండుపూటలా ఇన్సులిన్ సూది పడాలి. ఆ సూది వేసే హక్కు ఈ ఇంట్లో అద్దాలాయనది. సూదుల డబ్బా ఇంకొకళ్ళు ముట్టుకుంటే ఆయనకి నచ్చదు, ఇంకొకళ్ళు వేస్తామంటే ఆవిడకి నచ్చదు. మరదలు ఎన్నోసార్లు "నేనూ నేర్చుకుంటాను బావా" అంది. "నువ్వు వ్యాను నడుపుకో" అనేవాడు ఆయన.

ఆ సూదికో చట్టం కూడా ఉంది. ఒకప్పుడు దొరసాని సూది వేయించుకుని, కంచం ముందు కూర్చోబోతూ, "ఒక్క బేరం చూసొస్తా" అని దుకాణంలోకి వెళ్ళింది. బేరం సాగింది, తిండి ఆగింది. చక్కెర పడిపోయి, నిలువుటద్దం మీదకే ఒరిగిపోయింది. అద్దం పోతే పోయింది, మనిషి కళ్ళు తెరిచేదాకా ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. ఆ రోజునుంచి తన కళ్ళముందు మొదటి ముద్ద మింగితే తప్ప ఆయన డబ్బా మూత తియ్యడు. ముద్ద తరవాతే సూది. వాళ్ళ డాక్టరుగారు విని నవ్వి, "అలాగే కానివ్వండి, సూది మాత్రం మానకండి" అన్నారు. ఆయనకి అందులో మొదటి సగమే గుర్తుంది.

ఈ పొద్దున దొరసాని తనంతట తనే అడిగింది. "ఏవండీ, నా సూదో?" అంటూ చెయ్యి చాపింది.

"ముద్ద ఏదీ?"

"మింగుడు పడటంలేదండీ."

"మరి ముద్ద లేనిదే సూది ఎలా వేస్తాను? తిండే లేనప్పుడు ఒంట్లో చక్కెర ఎక్కడినుంచి వస్తుంది? ఉన్న కాస్తా సూదితో ఊడ్చిపారెయ్యమంటావా?"

"అయితే సూదికి సెలవులన్నమాట" అని ఆవిడ చిన్నపిల్లలా దుప్పటి ముసుగేసుకుంది.

మొన్నా నిన్నా రెండుపూటలా ఇదే జరిగింది. పస్తున్న మనిషిని సూదిబారిన పడకుండా కాపాడుకుంటున్నానని ఆయనకి లోలోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

కిటికీ అవతల వ్యాను తాళాలు గలగలమన్నాయి. మరదలు వచ్చి చువ్వలు పట్టుకుని నిలబడింది. గదిలోకి రాదు. పోయిన వారం ఆయన అన్న మాట అలాంటిది.

వ్యానులో సగంమంది పిల్లలు తుమ్ముకుంటూ దగ్గుకుంటూ ఎక్కుతున్న రోజులవి. ముందు మరదలికి గొంతు పట్టింది. ఆమెనుంచి ఆయనకి, ఆయననుంచి దొరసానికి. వాళ్ళిద్దరికీ నాలుగు కషాయాలతో పోయింది. దొరసాని ఒళ్ళు మాత్రం పెనంలా కాలిపోయింది. ఆ కంగారులో ఆయన నోరు జారాడు. "నీ వ్యానులోంచే వచ్చింది ఈ పీడ. మీ అక్కకేమైనా అయితే నీదే పూచీ" అనేశాడు. ఆ సాయంత్రమే మరదలు పరుపు చుట్టుకుని మేడమీది గదిలోకి మారిపోయింది. అప్పటినుంచి బావకీ మరదలికీ సూటిగా మాటల్లేవు. ఏదున్నా దొరసాని మీదుగానే.

"అక్కా, డాక్టరుగారికి ఫోన్ చేశారేమో మీ ఆయన్ని అడుగు" అంది మరదలు.

"దొరసానీ, రొంపకీ దగ్గుకీ డాక్టరెందుకో మీ చెల్లెల్ని అడుగు. తనకి తగ్గలేదా? నాకు తగ్గలేదా?"

"అక్కా, నాకూ మీ ఆయనకీ చక్కెర జబ్బు లేదు. నీకుంది. ఆ సంగతి కాస్త గుర్తుచెయ్యి."

"దొరసానీ, ఆ సంగతి ఈ ఇంట్లో అందరికన్నా ఎవరికి బాగా తెలుసో మీ చెల్లెలికి గుర్తుచెయ్యి."

"అక్కా, మీ ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు."

మామూలుగా అయితే ఈపాటికి దొరసాని అందుకోవాలి. "మీ ఇద్దరి మధ్యా నేనేమన్నా పోస్టు డబ్బానా?" అనాలి. వారంనుంచీ అదే అంటోంది. అటు మాట ఇటూ, ఇటు మాట అటూ మోస్తూనే ఉంది. మోసేటప్పుడు దార్లో కారం తీసేసి కాస్త తీపి కలిపేది కూడా.

ఇవాళ ఆవిడ ఏమీ అనలేదు.

గదిలో ఆవిడ ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చిన మనిషిలా లోతుగా, బరువుగా, తెరిపి లేకుండా తీసి వదులుతోంది.

"అక్కా?"

"నిద్రపోతోందిలే" అన్నాడు ఆయన. వారం తరవాత మరదలితో సూటిగా మాట్లాడాడన్న సంగతి ఆయనా గమనించలేదు, ఆమే గమనించలేదు.

"నిద్రలో అలా ఊపిరి తీస్తారా ఎవరైనా?"

"దగ్గు రొమ్ముకి దిగింది. ఆవిరి పడితే పోతుంది."

మరదలు గిరుక్కున తిరిగి, చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చేసింది. మంచం దగ్గరికి రాగానే ముక్కు చిట్లించింది.

"ఇక్కడ థిన్నరు సీసా తెరిచావా బావా?"

అద్దాలకి అంటుకున్న జిగురు తుడవడానికి దుకాణంలో థిన్నరు వాడతారు. ముక్కుకి ఘాటుగా తగిలి, వెనకనుంచి మగ్గిన పండులా తియ్యగా వచ్చే వాసన. పొద్దుటినుంచి అది ఆయన ముక్కుకీ తగులుతూనే ఉంది.

"నా చేతులదయ్యుంటుంది. ఎన్నిసార్లు కడిగినా పోవట్లేదు."

"బాగుంది వరస! మనిషి ఊపిరికి అల్లాడుతుంటే థిన్నరు చేతులతో పక్కనే కూర్చుంటావా? ఆ కంపుకే వాంతులవుతున్నాయేమో!"

"చొక్కా కూడా మార్చానే!"

"ఏం మార్చావు? గదంతా గుప్పుమంటుంటే! అసలు ఈ పరిస్థితిలో థిన్నరు ముట్టుకోవాల్సినంత రాచకార్యం ఏమొచ్చింది నీకు? ఎప్పుడు ముట్టుకున్నావు?"

ఆయన జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. దొరసాని మంచం ఎక్కినప్పటినుంచి దుకాణం తలుపే తియ్యలేదు. అద్దం కొయ్యలేదు, జిగురు తుడవలేదు. రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. ఆ చేతులే మరదలి ముందుకి చాపాడు. ఆమె కూడా చూసి, తల అడ్డంగా ఊపింది.

మరదలు మెల్లగా వంగి అక్క నోటి దగ్గర తన మొహం పెట్టింది. లేచేసరికి ఆ మొహంలో కత్తివేటుకి నెత్తుటిచుక్క లేదు.

"అక్క ఊపిరిది బావా. ఆ వాసన అక్క ఊపిరిది."

మనిషి ఊపిరికి థిన్నరు వాసన ఎందుకొస్తుందో ఆయనకి అర్థంకాలేదు. అర్థంకాని భయం మరీ పెద్దది.

"చక్కెర చూసే మిషనేదీ?" అంది మరదలు.

"తిండే తినకపోతే ఏముంటుందే చూడ్డానికి?"

"మిషనేదీ అంటుంటే!"

ఆయన తన చేత్తోనే దొరసాని వేలు గుచ్చి, రక్తపు చుక్క అంటించాడు. మిషను కాసేపు ఆలోచించింది. అంకె రావాల్సిన చోట రెండక్షరాలు వచ్చి నిలబడ్డాయి.

"బ్యాటరీ అయిపోయినట్టుంది" అన్నాడు ఆయన ఆశగా.

మరదలు మిషను తన చేతిలోకి తీసుకుంది. ఆయన వేలు లాక్కుని, చటుక్కున గుచ్చి, ఆ చుక్క అంటించింది. మిషను శుభ్రంగా, ఆరోగ్యవంతుడి అంకె చూపించింది. మిషనులో లోపం లేదు.

ఆమె వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పింది. అటువైపు నర్సు గొంతు గదంతా వినిపించింది. "అంకె రాలేదంటే మిషను కొలిచే హద్దు దాటిపోయిందని అర్థమమ్మా. వాంతులూ, ఆయాసం కూడా ఉన్నాయంటున్నారు. ఇంకేం ఆలోచించకండి, ఉన్నపళంగా తీసుకొచ్చెయ్యండి."

"హద్దు దాటడమేంటి? మొన్నటినుంచి మెతుకు ముట్టలేదు కదా!" అని ఆయన అంటూనే ఉన్నాడు. మరదలు అప్పటికే వ్యాను తలుపు తీస్తోంది.

దొరసానిని రెండు చేతుల్లో ఎత్తుకుని మోసుకొచ్చాడు. సూదుల డబ్బా అలవాటుకొద్దీ చొక్కా లోపల దోపుకున్నాడు. వ్యానులో సీట్లన్నీ చిన్నపిల్లల కొలతవి. ఆయన మోకాళ్ళు ముందు సీటుకి గుచ్చుకుంటున్నాయి. దొరసాని తల ఆయన ఒళ్ళో, కాళ్ళు మధ్యదారిలో. ముందు సీటు వెనక ఎవడో గడుగ్గాయి పెన్సిలుతో గీసిన మీసాల బొమ్మ ఉంది. దొరసాని సగం కళ్ళు తెరిచి ఆ బొమ్మని చూసింది.

"పిల్లలందరూ... ఎక్కారా?" అంది.

స్టీరింగు పట్టుకున్న మరదలి భుజాలు ఒక్కసారి కదిలాయి. "ఎక్కారక్కా. అందరూ ఎక్కారు. నువ్వు కదలకుండా కూర్చో, లేకపోతే మీ అమ్మకి చెబుతా."

"చెప్పకు" అంది దొరసాని బుద్ధిగా.

ఆయన కిటికీవైపు తల తిప్పుకున్నాడు. ఈ వ్యానునే పీడ అన్నాడు తను. ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. మలుపులో మరదలు గేరు మార్చేసరికి దొరసాని తల జారబోయింది, పట్టుకున్నాడు, మాట లోపలే ఉండిపోయింది.

ఆసుపత్రిలో అత్యవసర గది డాక్టరమ్మ మంచం దగ్గరికి వస్తూనే ముక్కు ఎగబీల్చింది. ఏమీ అడక్కుండానే నర్సులకి గబగబా నాలుగు మాటలు చెప్పింది. ఎవరో మరదలికీ ఆయనకీ మాస్కులిచ్చారు. ఒక చేతికి సెలైను గొట్టం పెట్టారు, ఇంకో చేతినుంచి రక్తం తీశారు. కాసేపటికి ఓ నర్సు సిరంజి పట్టుకుని వచ్చింది.

"ఏం మందమ్మా అది?" అన్నాడు ఆయన.

"ఇన్సులిన్."

"వద్దు!"

ఆయన అరుపుకి పక్క మంచాలవాళ్ళు కూడా తిరిగి చూశారు. నర్సు మణికట్టు పట్టేసుకున్నాడు. జీవితంలో పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకున్నవాడు కాదు.

"మొన్నటినుంచి పస్తుందమ్మా. ఒక్క ముద్ద లేదు కడుపులో. ఇప్పుడది వేశారంటే పడిపోతుంది. పడిపోవడం నేను చూశాను. మీరు చూళ్ళేదు, నేను చూశాను!"

డాక్టరమ్మ వచ్చి నర్సుకీ ఆయనకీ మధ్య నిలబడింది. కసురుకోలేదు.

"తినకపోతే ఒంట్లో చక్కెర ఉండదని కదూ మీ భయం? బాగున్న రోజుల్లో మీ భయం సరైనదే. కానీ జబ్బు చేసినప్పుడు ఒళ్ళు ఊరుకోదండీ. వైరస్‌తో పోట్లాడ్డానికి తనంతట తనే చక్కెర తయారుచేసి రక్తంలో పోస్తుంది. తిన్నా తినకపోయినా పోస్తుంది. దాన్ని వాడుకోవాలంటే ఇన్సులిన్ ఉండాలి. లేకపోతే ఇంటినిండా బియ్యం ఉండీ పొయ్యి వెలగనట్టు. అప్పుడు ఒళ్ళు తన కొవ్వునే కరిగించుకుంటుంది. దాన్నుంచి ఆమ్లం పుడుతుంది. ఆ వాసనే ఇది. ఆ ఆమ్లాన్ని బయటికి తొయ్యడానికే ఈ ఆయాసం."

"దగ్గువల్ల కాదా?"

"దగ్గు మొదలుపెట్టింది. ఇక్కడిదాకా తెచ్చింది ఇన్సులిన్ లేకపోవడం. గంట గంటకీ చక్కెర చూస్తూనే ఇస్తాం, పడిపోనివ్వం. చెయ్యి వదలండి."

విన్నాడు. అర్థమైంది. అర్థమైనా చెయ్యి ఊడి రాలేదు. నర్సు ఓపిగ్గా నిలబడింది. మరదలే దగ్గరికొచ్చి, ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, ఆ చేతిని తన చేతుల్లో పెట్టుకుంది. ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడం ఆయనకి తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

తరవాత ఇద్దరూ ఒకే బల్ల మీద, మధ్యలో మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నారు. సెలైను సీసాలు మారుతున్నాయి. నర్సులు వచ్చి వేలు గుచ్చి చూసి పోతున్నారు. ఆయన ప్రతిసారీ లేచి "ఎంతుందమ్మా?" అంటాడు. వాళ్ళు చెబుతారు. మరదలు లేవదు గానీ చెవి అటే పెడుతుంది.

కిటికీ మీద ఎండ తగ్గుతుండగా, దొరసాని ఊపిరి కాస్త నెమ్మదించింది. కళ్ళు తెరిచి ఆయన కోసం వెతికింది.

"ఏవండీ."

"ఇక్కడే ఉన్నా, ఇక్కడే."

"సూది ఎవరు వేశారు?"

"నర్సమ్మ."

"అసలు నొప్పే తెలీలేదు."

"అంటే? నేను వేస్తే నొప్పా?"

"ఇన్నేళ్ళూ... మొహమాటానికి చెప్పలేదు."

"అది గొట్టంలోంచి ఇచ్చారక్కా, నొప్పెలా ఉంటుంది?" అంది మరదలు. అనేసి ఫక్కున నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. దొరసాని అటో చెయ్యి, ఇటో చెయ్యి చాపింది. చెరొకటీ పట్టుకున్నారు.

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. కాగితాలు చూసింది, నాడి చూసింది.

"దారిలో పడింది. అలాగని గండం గడిచిపోయిందని అనుకోకండి. ఆమ్లం ఇంకా పూర్తిగా తగ్గలేదు. రక్తంలో ఉప్పుల పాళ్ళు తేడా వస్తే గుండెకి ప్రమాదం, రేపటిదాకా కనిపెట్టుకుని ఉండాలి." ఇంకో కాగితం తిప్పింది. "ఒక సంగతి తెలియాలి నాకు. సూది మానింది ఎవరు? ఎందుకు మానారు?"

అద్దాలాయన లేచి నిలబడ్డాడు. ఆయన నోరు తెరిచేలోపే మంచం మీదనుంచి మాట వచ్చింది.

"నేనేనండీ. నేనే వద్దన్నాను."

"మీరా?"

"ఆయన వేస్తానంటూనే ఉన్నారు. నేనే మొండికేశాను."

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ బేరాల్లో ఆడిన అబద్ధాలు ఆయనకి తెలుసు. ఆ అబద్ధాలు ఆడేటప్పుడు ఆవిడ కళ్ళు మెరుస్తాయి. ఇప్పుడు మెరవట్లేదు. ప్రాణం గొంతులో పెట్టుకుని ఆడుతున్న అబద్ధం ఇది, ఆయన కోసం.

"అక్కనేమీ అనకండి డాక్టరుగారూ" అంది మరదలు గబుక్కున. "జ్వరంలో తనకేం తెలుస్తుంది? అసలు ఈ దగ్గు ఇంటికి తెచ్చిందే నేను. నా వ్యానులో పిల్లలకుంది. తెలిసి కూడా మొదటి రోజు అక్క పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. నేను దూరంగా ఉండుంటే ఏమీ జరిగేది కాదు. వారంనుంచీ మేడ మీద కూర్చుని ఇదే అనుకుంటున్నాను. ఏమైనా అయితే నాదే..."

ఆ మాట పూర్తిచెయ్యలేక మాస్కు మీదనుంచే నోరు నొక్కుకుంది.

అది తన మాటేనని ఆయనకి తెలుసు. తను నోరుజారి విసిరేస్తే, ఈ పిల్ల దాన్ని వారంనుంచీ ఒంటరిగా మోస్తోంది. వేలు పట్టుకుని రోడ్డు దాటించిన పిల్ల. తన భుజాల మీద కూర్చుని దుకాణం బోర్డు తుడిచిన పిల్ల. ఇద్దరు ఆడవాళ్ళు తన తప్పుని చెరో కొస పట్టుకుని తలో పక్కకీ లాక్కుంటున్నారు. తను మధ్యలో, చొక్కాకి మరకైనా అంటకుండా నిలబడ్డాడు.

"అబద్ధం" అన్నాడు.

దొరసాని వేళ్ళు ఆయన చేతిని గట్టిగా నొక్కాయి. ఊరుకోమని ఆ నొక్కుడికి అర్థం. ఆయన ఊరుకోలేదు.

"తను వద్దనలేదు డాక్టరుగారూ. ఈ పొద్దున తనే అడిగింది. నేనే వెయ్యలేదు. మొన్నా నిన్నా కూడా వెయ్యలేదు. తినకుండా సూదేంటని నాకు నేనే చట్టం చేసుకున్నాను. ఈ పిల్ల తెచ్చింది ఉత్త దగ్గు. అది నాకూ వచ్చింది, పోయింది. మిగతాదంతా నేను తెచ్చాను. పోయినవారం ఈ పిల్లని నానామాటలూ అన్నాను. అవన్నీ నావి."

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. "చాలామంది చేసే పొరపాటేనండీ. ప్రేమ ఉన్న ఇళ్ళల్లోనే ఎక్కువ చూస్తుంటాం" అంది. "ఇకమీదట జ్వరమొచ్చినా, తిండి తినకపోయినా, సూది పూర్తిగా మానెయ్యకూడదు. చక్కెర తరచుగా చూసుకుంటూ, ఎంత వెయ్యాలో మాకు ఫోన్ చేసి కనుక్కుని వెయ్యాలి. ఆ పని చేసేవాళ్ళకి భయం ఉండకూడదు. ఇంట్లో ఎవరు చేస్తారో మీలో మీరు తేల్చుకోండి."

ఆమె వెళ్ళిపోయింది. ముగ్గురూ మిగిలారు.

మరదలు ఏమన్నా అనొచ్చు. అనే హక్కు ఆమెకుంది. ఆయన తల వంచుకుని ఎదురుచూశాడు. "పీడ ఎవరిది బావా ఇప్పుడు?" అంటే చాలు, పడడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆమె అనలేదు. చీర కొంగుతో మొహం తుడుచుకుంది, దగ్గరికొచ్చింది, చెయ్యి చాపింది.

"డబ్బా ఇటివ్వు బావా."

ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే ఆయన వాదించేవాడు. చొక్కా లోపలనుంచి డబ్బా తీశాడు. ఇంతకాలం రోజూ రెండుపూటలా తన చేత్తోనే మూత తీసి, తన చేత్తోనే మూసిన డబ్బా. మారు మాట్లాడకుండా ఆమె చేతిలో పెట్టాడు. ఆయన అంత తేలిగ్గా ఇచ్చేస్తాడని మరదలు అనుకోలేదు. డబ్బా పట్టుకుని తెల్లబోయి చూసింది.

మంచం మీద దొరసాని కళ్ళు మూసుకునే ఉంది.

"ఇచ్చేశారా?" అంది.

"ఇచ్చేశాను దొరసానీ. చిన్నదే నయం. దానికి భయం లేదు. నువ్వు బాగుంటే చాలు నాకు."

"నన్నొక్క మాటైనా అడక్కుండానే?"

దొరసాని తన చేతిని ఆయన చేతిలోంచి మెల్లగా తీసేసుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.